వదిన అమ్మేసిన మట్టి

మా అన్నయ్య పోయిన రోజున అందరికంటే గట్టిగా ఏడ్చింది నేను. బస్ స్టేషన్ ఎంక్వైరీ కౌంటర్లో కూర్చుని రోజంతా అరిచే గొంతు నాది, ఆ రోజు వీధి చివరిదాకా వినిపించిందట. వదిన మాత్రం ఏడవలేదు. వచ్చినవాళ్లకి కుర్చీలు వేయించింది. మంచినీళ్లు ఇప్పించింది. గుమ్మం దగ్గర చెప్పులు కలిసిపోయి తికమకపడుతున్న ఒక ముసలాయనకి ఆయన జత వెతికి తీసిచ్చింది. "గుండె రాయి చేసుకుంది పాపం" అన్నారు కొందరు. "దిగమింగుకుంటోంది, రేపో మాపో బయటపడుతుంది" అన్నారు ఇంకొందరు. నెలలు గడిచాయి గానీ ఏమీ బయటపడలేదు.

నాకు ఒళ్లు మండేది. నా వాటా ఏడుపు నేను ఏడ్చి, ఆవిడ వాటా కూడా నేనే ఏడవాలా? ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను.

"వదినా, అన్నయ్య పోయాడని నీకసలు బాధే లేదా?"

ఆవిడ దుప్పటి మడత పెడుతోంది. అంచులు కలిపి, మధ్యలో చేత్తో నొక్కింది.

"ఉండే ఉంటుందే. నాకు తెలియడం లేదు" అంది. "చేతి మీద తల పెట్టుకుని పడుకుంటే తిమ్మిరెక్కుతుంది చూడు. గిల్లినా తెలియదు. అలా ఉంది. ఎప్పుడో దిగుతుందిలే."

ఇంకేం అనగలను? నోరు మూసుకున్నాను. నేను నోరు మూసుకోవడం చిన్న విషయం కాదు. మా అన్నయ్య నన్ను చిన్నప్పటి నుంచీ మిరపకాయ్ అనే పిలిచేవాడు. వదిన కూడా అదే పట్టుకుంది. ఆయన పోయాక ఆవిడ నోట ఆ పిలుపు మళ్లీ రాలేదు. "ఏమే" అనేది, లేదంటే ఏమీ అనకుండా నేరుగా పనిలోకి దిగేది.

వదిన పెద్దాసుపత్రిలో దుప్పట్ల గదికి ఇన్‌చార్జిగా చేసింది. వార్డులకి ఉతికిన దుప్పట్లు పంపడం, మాసినవి తెప్పించుకోవడం, చిరిగినవి కుట్టించడం ఆవిడ పని. ఆ గదికి ఒకటే నియమం. వెళ్లిన దుప్పటి తిరిగి రావాలి. మాసిపోయి రావచ్చు, రక్తంతో రావచ్చు, రెండు ముక్కలై రావచ్చు. రావడం మాత్రం రావాలి. ఒక్కటి తగ్గితే స్వయంగా వార్డుకెళ్లి మంచం మంచానికీ తిరిగేది. పెద్ద డాక్టరు రౌండ్స్‌లో ఉండగా పేషెంటు మీద దుప్పటి ఎత్తి అంచు మీది గుర్తు చూసిందని ఆసుపత్రిలో చెప్పుకుని నవ్వేవాళ్లు. ఆవిడకి అందులో నవ్వాల్సిందేముందో అర్థమయ్యేది కాదు.

అన్నయ్య కాలేజీ ల్యాబులో అటెండరు. గాజు గొట్టాలు కడుగుతూ కడుగుతూ ఎక్కడ అంటించుకున్నాడో గానీ, పెర్మాకల్చర్ అనే పిచ్చి పట్టింది. మనిషి రోజూ దున్ని, ఎరువులు పోసి, మందులు కొట్టి ఊడిగం చెయ్యకుండా, అడవి ఎలా దానంతట అది బతుకుతుందో అలా బతికే తోట వెయ్యడమట. ఊరి చివర మూతపడ్డ ఇటుకల ఫ్యాక్టరీ ఉంది. దాని వెనక ఇటుకల కోసం మట్టి తవ్వేసి, గుంటలు పడి, గడ్డి కూడా మొలవని నేల ఉంది. ఫ్యాక్టరీ పెద్దాయన దగ్గర ఆ నేలని లీజుకి తీసుకున్నాడు. మేమంతా తల కొట్టుకున్నాం. ఎక్కడో దూరాన ఉన్న ఒక సంస్థ మూడేళ్లపాటు డబ్బు ఇస్తానంది. అద్దె, మొక్కలు, నీళ్ల పైపులు, ఇద్దరు పనివాళ్లు అన్నీ దాంతోనే నడిచాయి.

అన్నయ్య అక్కడ చేసిన పని చూస్తే చిత్రంగా ఉండేది. ఊళ్లో ఎవరు ఏం పారేస్తే అది స్కూటరు మీద వేసుకొచ్చి గుంటల్లో పోసేవాడు. ఎండుటాకులు, కూరగాయల తొక్కలు, రంపం పొట్టు, కత్తిరించిన జుట్టు కూడా. చెట్లు ఎదిగాక వాటి ఆకులు రాలితే ఊడవనిచ్చేవాడు కాదు. "నేల మీద పడింది నేలదే. మనం ముట్టుకోకూడదు" అనేవాడు. జామ, దానిమ్మ, మల్బరీ, నిమ్మ, వాటి కింద పొదలు, పొదల కింద తీగలు. వాటన్నిటి కింద చేతి మందాన నల్లటి మెత్తటి మట్టి తయారైంది. అక్కడ ఆయన చెప్పులు వేసుకునేవాడు కాదు. అరికాలు పెట్టి చూసి, ఎక్కడ నీళ్లు కావాలో ఎక్కడ వద్దో చెప్పేవాడు. వదినని కూడా చెప్పులు విప్పించేవాడు. "ఆసుపత్రి నేల కాదిది, క్రిములు లేవులే, విప్పు" అని ఏడిపించేవాడు. ఆవిడ ముఖం చిట్లించుకుంటూనే విప్పేది.

సంస్థ డబ్బు మూడో ఏడులో ఉండగా ఆయన పోయాడు. ల్యాబులో బీకరు కడుగుతూ కూర్చుని, లేవలేదు.

వదిన ఆసుపత్రి ఉద్యోగం మానేసి తోట చూసుకోవడం మొదలుపెట్టింది. ఎందుకని అడిగితే "ఎవరో ఒకరు చూడాలిగా" అంది. తోటలో వేసుకున్న గుడిసె మూల అన్నయ్య రబ్బరు బూట్లు ఉన్నాయి. వానల్లో గుంటలో దిగేటప్పుడు వేసుకునేవాడు. వదిన వాటిని వేసుకోవడం మొదలుపెట్టింది. ఆవిడ పాదాలకి అవి బాగా పెద్దవి. ముందు భాగంలో న్యూస్‌పేపరు కుక్కి, ఎండైనా వానైనా అవే తొక్కుకుంటూ టపటపమని తిరిగేది. నేను చూసీ చూడనట్టు ఊరుకునేదాన్ని.

సంస్థ నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఒళ్లో కంప్యూటరు పెట్టుకుని చాలాసేపు మాట్లాడింది. ఇకమీదట తోట స్వయంపోషకంగా ఉండాలంది. తన ఆదాయం తనే పుట్టించుకోవాలంది. మేం ఇక ఇవ్వం అని చెప్పడానికి ఎంత మర్యాదైన మాట కనిపెట్టారో అనుకున్నాను. పైకి అనలేదు, వదిన నా కాలు తొక్కింది. ఆ బూటుతో తొక్కితే మామూలుగా ఉండదు.

తర్వాత ఫ్యాక్టరీ పెద్దాయన దగ్గరికి వెళ్లాం. ఆయన మంచివాడే గానీ ముక్కుసూటి మనిషి.

"చూడమ్మా, మీ ఆయన మీద గౌరవంతో ఒక మాట చెప్తాను. ఆ స్థలాన్ని గోడౌన్లకి అడుగుతున్నారు. నువ్వు ఏడాదిపాటు ఎవరి దగ్గరా చెయ్యి చాచకుండా, నీ సొంత డబ్బు పెట్టకుండా, తోటే సంపాదించి నాకు అద్దె కట్టాలి. తోట తన కాళ్ల మీద తను నిలబడాలి. నిలబడితే పదేళ్లకి రాసిస్తాను. లేదంటే చెట్లు కొట్టించేస్తాను. తర్వాత నన్ను తిట్టుకోవద్దు."

"తిట్టుకోను" అంది వదిన. అన్నయ్యది అంటూ మిగిలింది ఆ తోట ఒక్కటే. వదిన ముఖంలో మాత్రం, మంచం మీది దుప్పటి మార్చేటప్పుడు ఉండే ముఖం తప్ప ఇంకేం లేదు.

ఆ ఏడాది వదిన పనిచేసిన తీరు చూసి నేనే హడలిపోయాను. పళ్లు అమ్మింది. ఆకుకూరలు కట్టలు కట్టి ఫ్లాట్లలో గుమ్మం గుమ్మానికీ ఇప్పించింది. నారు పోసి మొక్కలు అమ్మింది. అయినా అద్దె, కూలీ, నీళ్ల కరెంటు కలిపితే ఎక్కడో కొంత తగ్గేది. అప్పుడు ఒకావిడ వచ్చి కుండీల్లోకి కాస్త మంచి మట్టి ఇస్తారా అని అడిగింది. ఆకులూ తొక్కలూ కుప్ప పోసి మాగబెట్టిన కంపోస్టు ఒక సంచి ఇచ్చింది వదిన. వారం తిరక్కుండా ఆవిడ చెల్లెలొచ్చింది, పక్కింటావిడ వచ్చింది. ఊళ్లో మేడ మీద కుండీ లేని ఇల్లు లేదు, కుండీలో బతికున్న మొక్కా లేదు. ఈ మట్టి వేస్తే వారంలో చిగుళ్లు వస్తున్నాయని పేరు పాకిపోయింది. పళ్లూ మొక్కలూ కలిపినా రానంత డబ్బు మట్టికి వచ్చింది.

కుప్పలు అయిపోయాయి. గిరాకీ అయిపోలేదు. అప్పుడు వదిన చెట్ల కింద ఉన్న నల్లమట్టిని పారతో పైపైన ఎత్తి, జల్లించి, సంచులకెక్కించడం మొదలుపెట్టింది.

"వదినా, అన్నయ్య అది ముట్టుకోవద్దనేవాడు కదా" అన్నాను.

"ఆకులు మళ్లీ రాలతాయిగా" అంది.

నిజమే కదా అనుకున్నాను. అద్దె తప్పకుండా వెళ్తోంది. పెద్దాయన చెక్కు తీసుకుని "భేష్" అన్నాడని వదిన చెప్పింది. సంస్థ అమ్మాయి మళ్లీ వచ్చి ఫోటోలు తీసుకుని, మిగతా తోటలవాళ్లకి మీ కథ చూపిస్తాను అంది. వదినకి అభినందనలు చెప్పింది. వదిన "ఆఁ" అని సంచి మూతి కుట్టుకుంటూ కూర్చుంది. కుట్టు దబ్బనం వేలిలో దిగింది. ఆవిడ చూసుకుని, తుడుచుకుని, మళ్లీ కుట్టసాగింది.

వంట మాట చెప్పలేదు. అన్నయ్య పోయినప్పటి నుంచి ఆవిడ చేతి వంటకి ఒక దారీ తెన్నూ లేదు. ఒకరోజు ఉప్పు అసలు ఉండదు, ఒకరోజు రెండుసార్లు పడుతుంది. ఆవిడ మాత్రం రెండూ ఒకేలా తినేది. సెలవు రోజుల్లో నేను వెళ్లి ఎదురుగా కూర్చుని, కిక్కురుమనకుండా తినొచ్చేదాన్ని. వంట బాగాలేదంటే పళ్లెం విసిరికొట్టే రకం నేను. అలాంటిదాన్ని అంత ఉప్పు అంత ఓపికగా మింగానంటే అది ప్రేమ కాక ఇంకేమిటి?

ఎండలు ముదిరాయి. ఒక మధ్యాహ్నం డ్యూటీ దిగి తోటకెళ్లాను. పొద్దుటి నుంచీ కౌంటర్లో కూర్చుని కాళ్లు పట్టేస్తే చెప్పులు విప్పి జామచెట్ల కిందకి నడిచాను. అన్నయ్య ఉన్నప్పుడు ఎన్నిసార్లు నడిచానో ఆ నేల మీద. కాలు పెడితే తడి తగిలేది, లోపలికి దిగేది. ఇప్పుడు పెంకు మీద పెట్టినట్టుంది. పైపు వదిలి ఉంది, నీళ్లు చెట్టు మొదట్లో ఇంకకుండా జారిపోయి గోడవారన మడుగు కట్టాయి. తల ఎత్తి చూశాను. మల్బరీ ఆకులు చుట్టుకుపోయి ఉన్నాయి. దానిమ్మ పిందెలు కింద రాలి ఉన్నాయి.

"వదినా!" అని అరిచాను. "నేల ఇలా అయిపోయిందేమిటి? కాల్లో గుచ్చుకుంటోంది, చూసుకోలేదా?"

టపటపమని బూట్లతో వచ్చింది. నా కాళ్ల వంక చూసింది. తన కాళ్ల వంక చూసుకుంది. గునపం తీసుకుని నేలలోకి పొడిచింది. ఖంగుమంది. ఇంకోచోట పొడిచింది. అక్కడా అంతే. ఇటుకలకి మట్టి తీసిన పాత నేల పైకి వచ్చేసింది.

"అమ్మేశాను" అంది. "నేల అమ్మేసి నేలకి అద్దె కట్టాను."

నెత్తీ నోరూ బాదుకుంటుందేమో, పట్టుకుందామని దగ్గరికి వెళ్లాను. అదేం లేదు. గునపం గోడకి ఆనించి, పైపు కట్టేసి వచ్చింది. కూలివాళ్లని పిలిచి ఇవాళ్టి నుంచి ఒక్క సంచి కూడా బయటికి పోకూడదని చెప్పింది. నావైపు తిరిగి "రేపు నీకు సెలవేనా?" అంది.

"సెలవే. ఎందుకు?"

"తెచ్చుకుందాం."

"ఏం తెచ్చుకుంటాం?"

"మట్టి."

దుప్పట్ల గది బుద్ధి ఎక్కడికి పోతుంది చెప్పండి. అమ్మిన మట్టిని తిరిగి కొనడానికి ఊరి మీద పడింది మహాతల్లి. ఎవరికి ఏ చెట్టు కింద మట్టి ఇచ్చిందో ఆవిడకి నోటికి గుర్తే. ఏ దుప్పటి ఏ వార్డుకెళ్లిందో గుర్తున్నట్టే. అద్దె ఆటో ఒకటి మాట్లాడి, ఖాళీ సంచులు వేసుకుని, నన్ను కూడా వేసుకుని బయల్దేరింది. తలుపు తీసినవాళ్లతో "మీకు మా తోటలో మట్టి ఇచ్చాను. వాడనిది ఉంటే తీసుకున్న ధరకే తిరిగివ్వండి" అనేది. విన్నవాళ్లు ముందు నావైపు చూసేవాళ్లు, ఈవిడకి బాగానే ఉందా అన్నట్టు. నేను వాళ్లకేసి గుడ్లురిమి చూసేదాన్ని. కొందరు నవ్వారు. కొందరు నీళ్లు నమిలారు. ఒకాయన రేటు పెంచి అడిగాడు. ఆయనకి ఎంక్వైరీ కౌంటర్ గొంతు ఎలా ఉంటుందో వినిపించాను. చిరిగిన మూతులతో, సగం వాడిన సంచులు కొన్ని దొరికాయి.

మూడో అంతస్తులో రిటైరైన లెక్కల టీచరు ఒకావిడ ఉంది. మేడ మీద పెద్ద తొట్టిలో నిమ్మచెట్టు పెంచుతోంది. వదిన అడగ్గానే తొట్టికి అడ్డంగా నిలబడింది.

"పూతకొచ్చిందమ్మా. ఇప్పుడు వేరు కదిపితే అంతా రాలిపోతుంది. నువ్వు ఎంతిచ్చినా ఇవ్వను."

"సరే, ఉంచండి. బతికున్నదాన్ని కదపకూడదు" అని వదిన మెట్లు దిగేసింది.

సాయంత్రానికి ఆటో సగం కూడా నిండలేదు. అదంతా తీసుకెళ్లి పరిచినా ఒక్క వరస చెట్లకి చాలదు. మట్టి అమ్మకం ఆగింది కాబట్టి వచ్చే నెల అద్దెకి డబ్బు లేదు. తోట పోయినట్టే అని నాకు ఖాయమైపోయింది. ఆటోలో కూర్చుని ఏడుపు ఆపుకుంటున్నాను. పక్కన వదిన ఖాళీ సంచులు మడత పెడుతోంది.

మార్కెట్ సందులో ఆటో ఆగినప్పుడు క్షౌరశాల ఆయన గుమ్మంలోంచి చెయ్యి ఊపి పిలిచాడు. అన్నయ్యకి పాతికేళ్లుగా జుట్టు కత్తిరించినవాడు.

"అమ్మా, మీరు మట్టి కొంటున్నారని ఊరంతా చెప్పుకుంటున్నారు. ఆయనుంటే నా దగ్గర సంచులన్నీ ఆయనే పట్టుకెళ్లేవారు. ఇప్పుడు చూడండి, కాలు పెట్టే చోటు లేదు" అని వెనక గది చూపించాడు. కత్తిరించిన జుట్టు సంచులు గోడ ఎత్తున ఉన్నాయి. "చెత్తబండివాడు దీనికి వేరేగా డబ్బు గుంజుతున్నాడు. మీరు తీసుకెళ్తే వాడికిచ్చేదాంట్లో సగం మీకిస్తాను."

"ఆయన ఎంత తీసుకునేవారు?" అంది వదిన.

"ఆయనా? ఏం తీసుకునేవారు కాదు. పైగా నాకే థ్యాంక్స్ చెప్పేవారు."

"నేను తీసుకుంటాను" అంది వదిన. "ప్రతినెలా ఇవ్వాలి. ఇంకా ఎవరెవరు ఇలా చెత్తబండికి డబ్బు కడుతున్నారు?"

ఆయన ఆ సందు మొత్తం చెప్పుకొచ్చాడు. టీ కొట్టు, జ్యూస్ కొట్టు, వడ్రంగి, కూరగాయల వరస. వదిన వింటూ తలాడిస్తోంది. చివర్లో ఆయన నవ్వుతూ అన్నాడు.

"ఆయన భలే మనిషి లెండి. కుర్చీలో కూర్చుని, నా జుట్టు కూడా అందులోనే వెయ్యి, నా చెట్లకి బట్టతల రాకూడదు అనేవారు. ఆఖరిసారి కూడా అంతే. కటింగ్ చేయించుకుని, మెడ మీద జుట్టు దులుపుకుంటూ ఆ సంచి తనే మోసుకెళ్లారు. అదే వారం..." అని ఆగిపోయాడు.

వదిన సంచి మూతి బిగించి కడుతోంది. ఆ చేతులు ఆగలేదు.

"ఆ సంచి మల్బరీల కింద పరిచాం" అంది నాతో, వార్డు నంబరు చెప్పినట్టు. "ఆ వరస మట్టి లెక్కల టీచరు గారికి వెళ్లింది."

నేను గోడ పట్టుకున్నాను. ఆవిడ సంచి ఎత్తి ఆటోలో పెట్టి, ఇంకోదాని కోసం లోపలికి వెళ్లింది.

తర్వాతి నెలల్లో ఆ మార్కెట్‌ని వదిన తన దుప్పట్ల గది చేసేసింది. కొట్టు కొట్టుకీ మూత ఉన్న డ్రమ్ములు ఇప్పించింది. నిండింది తీసుకుని ఖాళీది ఇవ్వాలి. టీ పొడిలో ప్లాస్టిక్ కప్పు కనిపిస్తే డ్రమ్మునంతా కొట్టు ముందే గుమ్మరించి ఏరించేది. ఎవరైనా ఈ నెల డబ్బు తర్వాత ఇస్తానంటే నిండు డ్రమ్ము అక్కడే వదిలేసి వచ్చేది. మూడో రోజు వాసనకి వాడే పరిగెత్తుకొచ్చేవాడు. ఊరు పారేసుకోవడానికి ఇచ్చే డబ్బుతో అద్దె వెళ్లింది, కూలీ వెళ్లింది. పారేసిందంతా నేలకి వెళ్లింది. పళ్లు, ఆకుకూరలు, మొక్కలు తప్ప తోటలోంచి ఇంకేదీ గేటు దాటలేదు. ఒక వరస మల్బరీ పూర్తిగా ఎండిపోయింది, దాన్ని కాపాడలేకపోయాం. మిగతా చెట్లు వానలు పడ్డాక తేరుకున్నాయి. నేల ఇంకా మెత్తబడలేదు. మొదటిసారి మెత్తబడటానికి మూడేళ్లు పట్టింది మరి.

వదిన బూట్లు విప్పేసింది. ఎప్పుడు విప్పిందో నాకు తెలియదు, ఒకరోజు వెళ్లేసరికి గుడిసె మూల పాత చోటే పెట్టి ఉన్నాయి. వట్టికాళ్లతో తిరుగుతోంది.

"తెలుస్తోందా?" అని అడిగాను.

"గట్టిగా ఉందని తెలుస్తోంది" అంది. అంతే.

ఏడాది నిండిన రోజు ఫ్యాక్టరీ పెద్దాయన వచ్చాడు. నేను సెలవు పెట్టుకుని వెళ్లాను. ఆయన చేతికర్ర పొడుచుకుంటూ తోటంతా తిరిగాడు, గుంటల్లోకి తొంగి చూశాడు, ముక్కు మూసుకున్నాడు, జామకాయ కోసుకుని తిన్నాడు. గుడిసె ముందు బల్ల మీద కూర్చుని సంచిలోంచి కాగితాలు తీశాడు. పదేళ్లు!

"మాట నిలబెట్టుకున్నావమ్మా. ఒక్క నెల కూడా తప్పలేదు. ఇదిగో, సంతకం పెట్టు" అన్నాడు.

వదిన కలం తీసుకోలేదు.

"మొదటి సగం ఏడాది తోట తన కాళ్ల మీద తను నిలబడలేదండి" అంది. "కాళ్లు నరికి అమ్మాను. ఆ డబ్బే మీకు కట్టాను. ఈ సగం మాత్రమే నిజంగా నిలబడింది. మీరన్న ఏడాది ఇంకా పూర్తి కాలేదు."

నాకు ఆవిడ గొంతు పిసకాలనిపించింది. ఎవరడిగారు? ఎవరికి తెలుసు? ఆయనకి అద్దె అందింది, చెట్లు పచ్చగా ఉన్నాయి, కాగితం బల్ల మీద ఉంది. అన్నయ్య తోటని పదేళ్లు కాపాడే కాగితం! పెద్దాయన కాగితాలు మళ్లీ సంచిలో పెట్టుకున్నాడు.

"అయితే ఇంకో ఏడాది చూస్తాను. ఏడాదికే రాసిస్తాను. సరేనా?"

"సరే" అంది వదిన. "కూర్చోండి, తాగడానికి ఏమైనా తెస్తాను."

అంతకు ముందురోజే లెక్కల టీచరు ఎవరితోనో ఒక సంచి పంపింది. మట్టి ఇవ్వనన్నాను, కాయలైనా తీసుకో అని చెప్పమందట. వదిన లోపల ఆ నిమ్మకాయలు కోసి, పిండి, నీళ్లు కలిపి మూడు గ్లాసులు తెచ్చింది. పెద్దాయన ఒక గుక్క తాగి కళ్లు గట్టిగా మూసుకున్నాడు. మర్యాదస్తుడు, ఏమీ అనలేదు. నేను తాగాను. పళ్లు జివ్వుమన్నాయి. నేనూ ఏమీ అనలేదు. ఆవిడ చేతిది ఏదైనా నోరెత్తకుండా మింగడం ఏడాదిన్నరగా అలవాటైపోయింది. అసలు నా కోపం ఇంకా చల్లారలేదు.

వదిన తన గ్లాసు ఎత్తి తాగింది. ఆగింది. ముఖమంతా ముడుచుకుపోయింది. గ్లాసులోకి చూసింది, నావైపు చూసింది.

"మిరపకాయ్" అంది. "ఇందులో పంచదార వెయ్యలేదే."

నేను చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టేశాను.

"పుల్లగా ఉంది" అంది ఆవిడ. "ఇంత పుల్లగా ఉందేమిటే?"

అని ఏడ్చింది. మెల్లగా కాదు. నేను అన్నయ్య పోయిన రోజున ఏడ్చినట్టు, వీధి చివరికి వినిపించేలా. గుంటలో పనిచేస్తున్న కూలివాళ్లు పారలు పడేసి పరిగెత్తుకొచ్చారు. నేను ఆవిడ తల నా ఒళ్లోకి తీసుకున్నాను. జుట్టునిండా ఎండుటాకులు. నాకు ఎంత సంతోషమేసిందో, ఎంత దుఃఖమేసిందో చెప్పలేను.

పెద్దాయన బెదిరిపోయి లేచి నిలబడ్డాడు. చేతికర్ర కింద పడిపోయింది. లీజు కోసం ఏడుస్తోందనుకున్నాడు పాపం.

"అయ్యో, ఏడవకమ్మా, ఏడవకు! పదేళ్లకే రాస్తాను, నాకేం పోయింది? ఉండు, ఆ కాగితం మళ్లీ తీస్తాను."

వదిన తల అడ్డంగా ఊపింది. కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఏడాదే చాలండి" అంది. "ముందు ఆ గ్లాసు ఇలా ఇవ్వండి. పంచదార వేసి తెస్తాను."